సేఫే... కానీ దేని నుంచి?

పురుగుమందు డబ్బా మీద కంపెనీ ఎన్నో గొప్పలు రాసుకుంటుంది. తెల్లదోమ పోతుందంటుంది, పూత నిలుస్తుందంటుంది, దిగుబడి పెరుగుతుందంటుంది. ఒక్క మాట మాత్రం రాయదు. అదే ‘సేఫ్’. రాయాలని లేక కాదు, చట్టం ఒప్పుకోదు. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నియమాలు ‘సేఫ్’, ‘విషం కాదు’, ‘హాని చేయదు’ లాంటి మాటలు లేబుల్ మీద వేయకూడదన్నాయి. ‘చెప్పినట్టు వాడితే’ అని పక్కన తోక తగిలించినా కుదరదు.

చట్టం అంత గట్టిగా ఆపిన మాటను మనం రోజుకు పదిసార్లు అనేస్తాం. పల్నాడు జిల్లా నాదెండ్ల సెంటర్లో ఒక గంట నిలబడితే చాలు. ‘సేఫ్‌గా చేరావా?’ అని ఫోను. ‘ఆ చిట్టీ సేఫేనంటావా?’ అని ఆరా. ‘బంగారం బ్యాంకులో పెట్టాం, ఇక సేఫ్’ అని ధీమా. ‘పిల్ల వాళ్ల మేనత్త దగ్గరుంది, సేఫే’ అని నిశ్చింత. ‘సేఫ్ సైడు ఇంకో రెండువేలు జేబులో వేసుకో’ అని సలహా. ‘గవర్నమెంటు జాబయితే లైఫ్ సేఫ్’ అని ఆశ. మొదటిది ప్రాణం గురించి, రెండోది నమ్మకం గురించి, మూడోది దొంగల గురించి, నాలుగోది మనుషుల గురించి, అయిదోది ముందుచూపు గురించి, ఆరోది బతుకు భయం గురించి. ఇన్నిటికీ ఒకే మాట వాడటంతో వచ్చే చిక్కేమిటంటే, ఆ మాట చెవిన పడగానే మనసు ఆలోచించడం మానేస్తుంది.

ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే. సేఫ్ అన్న మాటను ఒంటరిగా వదలకండి. ఎవరన్నా, మీరే అనుకున్నా, వెంటనే మూడు ప్రశ్నలు వేయండి. దేని నుంచి? ఎప్పటి దాకా? ఎవరి పూచీ? మూడింటికీ జవాబు దొరికితే అది భద్రత. దొరకకపోతే అది ధైర్యం చెప్పుకోవడమే.

దేని నుంచి?

చిలకలూరిపేట వెళ్లే కుర్రాడి బండి చూడండి. హెల్మెట్ ఉంటుంది, పెట్రోలు ట్యాంకు మీద. ఊరు దాటాక తలకెక్కుతుంది, హైవే దగ్గర పోలీసులు కనబడతారని. బెల్టు మాత్రం గడ్డం కింద పడదు. ‘హెల్మెట్ ఉందిగా, సేఫే’ అంటాడు. దేని నుంచి? ఫైను నుంచి. 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీ తగిలితే బెల్టు పెట్టని హెల్మెట్ తలకంటే ముందు ఎగిరిపోతుంది. ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 4151 అన్న అంకె, బిగించిన బెల్టు, ఈ మూడూ ఉంటేనే అది తలకు రక్ష. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాల్సిందేనని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను చెబుతోంది. చీర కొంగు తల మీద కప్పుకుంటే ఎండ నుంచి సేఫ్, అంతవరకే.

ఇదే ప్రశ్న బ్యాంకు దగ్గర వేయండి. బ్యాంకు దివాలా తీస్తే ఒక బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. అంటే 5 లక్షల లోపు సొమ్ము బ్యాంకు మునగడం నుంచి సేఫ్. మరి మీరే ఎవరికో ఓటీపీ చెబితే? ఆ బీమాకు దానితో సంబంధం లేదు. మీ తప్పు లేకుండా బయటివాళ్ల మోసం వల్ల సొమ్ము పోయి, 3 పనిదినాల్లోగా బ్యాంకుకు చెబితే నష్టం మీ మీద పడదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది. ఓటీపీ మీరే ఇస్తే, బ్యాంకుకు చెప్పే క్షణం దాకా పోయిందంతా మీదే. అందుకే సొమ్ము పోయిందని తెలియగానే ఏడుస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను చేయాలి. బ్యాంకుకు వేరుగా చెప్పాలి.

లాకరు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. లోపల మీరేం పెట్టారో బ్యాంకుకు తెలియదు. నిప్పంటుకున్నా, దొంగలు పడ్డా, భవనం కూలినా, సిబ్బందే మోసం చేసినా, బ్యాంకు ఇవ్వాల్సింది లాకరు ఏడాది అద్దెకు 100 రెట్లు. అద్దె 3,000 అయితే 3 లక్షలు. లోపలున్నది ముప్ఫై సవర్లయినా అంతే. వరదో భూకంపమో వస్తే, బ్యాంకు నిర్లక్ష్యం లేనంతవరకు అదీ లేదు. లాకరు వద్దని కాదు. మీ నగలకు వేరే బీమా కావాలా అన్నది ఈ ప్రశ్న వేస్తే గానీ తట్టదు.

ఒక్కోసారి ఈ ప్రశ్న భయాన్ని కూడా తగ్గిస్తుంది. రోడ్డు మీద పడి ఉన్నవాణ్ణి చూసి ‘మనకెందుకు, కేసులో ఇరుక్కుంటాం, పోవడమే సేఫ్’ అనుకుని బండి ఆపనివాళ్లున్నారు. దేని నుంచి సేఫ్? మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను వచ్చాక, మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. లేని ప్రమాదం నుంచి పారిపోవడానికి ఒక ప్రాణాన్ని వదిలేస్తున్నామన్నమాట.

ఎప్పటి దాకా?

నాదెండ్లకు పక్కనే యడ్లపాడు మండలంలో కొండవీడు ఉంది. అద్దంకిలో మొదలైన రెడ్డిరాజుల రాజధాని 14వ శతాబ్దంలో ఆ కొండ మీదికి మారింది. ఎత్తు, గోడలు, బురుజులు, నీటికి చెరువులు, అన్నీ చూసుకునే అక్కడికి వెళ్లారు. తర్వాత అది గజపతుల చేతికి పోయింది. 1515లో కృష్ణదేవరాయల సేన వచ్చి చుట్టూ దిగింది. వారాల తరబడి ముట్టడి సాగాక కోట లొంగింది, గజపతి కొడుకు వీరభద్రుడు పట్టుబడ్డాడు. ఆ తర్వాత కోట పెత్తనం తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రికి దక్కింది. ఒక దండయాత్రకు నిలిచిన గోడ అన్ని దండయాత్రలకూ నిలుస్తుందని రాసిపెట్టి లేదు. భద్రతకు గడువుంటుంది.

ఆ గడువు మన ఇళ్లలోనూ ఉంది, చూసేవాళ్లే లేరు. వంటగ్యాసు బండ పైన, పట్టుకునే కడ్డీకి లోపలి వైపు ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ ఏప్రిల్ నుంచి జూన్, అలా మూడేసి నెలలు. అంకెలు సంవత్సరం. బీ-28 అని ఉంటే 2028 జూను నాటికి ఆ బండను మళ్లీ పరీక్షకు పంపాలన్నమాట. గడువు దాటిన బండ ఇంటికొస్తే తీసుకోకుండా తిప్పి పంపే హక్కు మీకుంది. ఈసారి బండ దించుకునేటప్పుడు చూడండి, అర నిమిషం పట్టదు. స్టవ్వుకు వెళ్లే సురక్షా ట్యూబు మీదా గడువు ఉంటుంది.

డబ్బు దగ్గరికొస్తే ఈ ప్రశ్న మరీ ముఖ్యం. మన పల్నాడులో బ్యాంకుల్లోనే కాదు, ప్రోనోట్ల మీదా అప్పులు నడుస్తాయి. ఈ మాటలు ఎన్ని అరుగుల మీద వినలేదు!

‘నోటు రాసి ఎన్నేళ్లయింది బాబాయ్?’

‘నాలుగో ఏడు నడుస్తుందిరా అబ్బాయ్. అయితే ఏంది? మనోడేగా, యాడికి పోతాడు?’

‘మధ్యలో చెల్లు వేయించావా?’

‘వాడు మొన్న సంక్రాంతికి పదివేలు ఇచ్చాడు. చెల్లెందుకు, నోటిమాట చాలదా?’

చాలదు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటు మీద దావా వేయడానికి రాసిన తేదీ నుంచి 3 ఏళ్లే గడువు. ఆ లోపు కొంత సొమ్ము ఇచ్చి, నోటు వెనక తేదీ వేసి బాకీదారు సంతకంతో చెల్లు రాస్తే, అక్కడి నుంచి మళ్లీ 3 ఏళ్లు. గడువు దాటాక చేతికి డబ్బిచ్చి చెల్లు వేసినా పాత బలం రాదు. బీరువాలో భద్రంగా దాచిన నోటు మూడేళ్లు దాటిన మర్నాడు ఉత్త కాగితం. కాగితం భద్రంగానే ఉంది, సొమ్మే లేదు. మీ దగ్గరున్న నోట్లన్నిటి తేదీలూ ఒక డైరీలో రాసుకుని, రెండున్నరేళ్లకే ఎర్ర గీత గీసుకోండి.

పంటకూ గడువుంది. మిరపకు మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద, లోపలి కరపత్రంలో రాసి ఉంటుంది. ‘వాన పడింది, కడిగేసింది, సేఫే’ అని మర్నాడే కోయిస్తే, ఆ మందు అవశేషం మొదట మీ ఇంటి పచ్చడిలోకే వస్తుంది. ఎగుమతికి వెళ్లిన సరుకు పరీక్షలో తప్పితే గుంటూరు మిర్చి యార్డు పేరే దెబ్బతింటుంది.

ఎవరి పూచీ?

అన్నిటికంటే తక్కువ అడిగేది ఇదే. అడిగితే ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని మొహమాటం.

2024 అక్టోబరులో చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు బ్యాంకు శాఖ దగ్గర ఖాతాదారులు గగ్గోలు పెట్టారు. ఫిక్సుడు డిపాజిట్ల సొమ్ము కనబడటం లేదని, తాకట్టు పెట్టిన బంగారానికి లెక్క తేలడం లేదని. వ్యవహారం సీఐడీ విచారణ దాకా వెళ్లింది. బ్యాంకులు వద్దని కాదు ఇది చెబుతున్నది. మనం పూచీ తీసుకున్నది బ్యాంకు దగ్గరా, బ్యాంకులో మనకు పరిచయమైన మనిషి దగ్గరా అన్నది చూసుకోవాలి. ‘సార్ మనకు బాగా తెలుసు’ అని ఖాళీ చెక్కుల మీద, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టకండి. డిపాజిట్ రసీదు చేతికొచ్చాక, యాప్‌లోనో, మరో కౌంటరులోనో, వీలైతే మరో శాఖలోనో అదే నంబరుతో ఆ డిపాజిట్ ఉందో లేదో చూసుకోండి. నెలనెలా వడ్డీ పడుతోందంటే అసలు ఉన్నట్టు కాదు. మోసం చేసేవాడికి వడ్డీ వేయడం పెద్ద ఖర్చేం కాదు.

వ్యాపారికి సరుకు అప్పుగా వేసేటప్పుడూ అంతే. ‘ఐపీ పెట్టాడు’ అన్న మాటకు గుంటూరు, పల్నాడు పల్లెల్లో అర్థం చెప్పక్కర్లేదు. 1920 నాటి దివాలా చట్టం కింద కోర్టులో పిటిషను పడిందంటే మీ సొమ్ము అప్పులవాళ్ల జాబితాలో ఒక వరుసగా మారిపోతుంది. పెద్ద మేడ, పెద్ద కారు, పదిమంది నమ్మకం, ఏవీ పూచీ కాదు. మీ చేతిలో ఉన్న కాగితం, దాని వెనక ఉన్న ఆస్తి, అవే పూచీ. ఇక రేటు ఇంకో రెండొందలు ఎక్కువ ఇస్తానన్నవాడి దగ్గర మరింత ఆగి అడగాలి.

ఇదే ప్రశ్న ఒక్కోచోట ప్రాణాల మీది మాట. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు పోతుంది, చేను ఎండుతోంది. ‘ఎల్‌సీ తీసుకున్నారంట, కరెంటు లేదు, ఎక్కు’ అని ఎవరో అంటారు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, పని కోసం లైనులో కరెంటు ఆపించడం. తీసుకున్నారంట! ఎవరు తీసుకున్నారు? ఏ లైనుకు? తిరిగి ఎప్పుడు ఇస్తారు? ఆ ‘అంట’ అనే రెండక్షరాల మీద మనిషి ఎక్కుతున్నాడు. పక్క ఫీడరు నుంచో, ఎవరి ఇంటి జనరేటరు నుంచో కరెంటు వెనక్కి రావచ్చు. ఆ పని లైన్‌మన్‌ది, మనది కాదు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఒక తడి ఆలస్యమైతే పంటకు కొంత నష్టం, అంతే.

మూడు ప్రశ్నలూ ఒకేచోట: మందు కొట్టే రోజు

2017 వానాకాలంలో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఏడు పత్తి మనిషి ఎత్తు పెరిగింది, రెండు మూడు మందులు కలిపి కొట్టారు. వాళ్లదీ మన లాంటి నేలే, మన లాంటి పత్తే.

కాబట్టి తైవాన్ పంపు భుజానికెత్తే ముందు డబ్బా చేతిలోకి తీసుకోండి. మొన మీద నిలబెట్టిన చదరపు గుర్తు ఒకటుంటుంది, రెండు త్రికోణాలుగా. కింది త్రికోణం రంగు చూడండి. ఎరుపు ఉండి, పైన పుర్రె, ఎముకలు, ‘పాయిజన్’ అని ఉంటే అత్యంత విషం. పసుపు కూడా ‘పాయిజన్’ అనే అంటుంది, పుర్రె ఉండదు. నీలం ‘డేంజర్’. ఆకుపచ్చ ‘కాషన్’, అంటే జాగ్రత్త. ఆకుపచ్చ చూసి సిగ్నల్ పడిందనుకునేవాళ్లున్నారు. అది పొమ్మని చెప్పడం కాదు, నాలుగింటిలో విషం తక్కువని చెప్పడం మాత్రమే.

ఇక దేని నుంచి అంటే మూడు దారుల నుంచి: చర్మం, ముక్కు, నోరు. మూతికి కట్టుకున్న తువ్వాలు దుమ్మును ఆపుతుంది, మందు తుంపరను ఆపదు. పైగా తడిసి మందును ముక్కు దగ్గరే పట్టి ఉంచుతుంది. మాస్కు, రబ్బరు చేతితొడుగులు, నిండు చేతుల చొక్కా, కాళ్లకు బూట్లు కావాలి. మందు నీళ్లలో కలిపేది కర్రతో, చేత్తో కాదు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి, పుల్లతో గానీ పాత బ్రష్షుతో గానీ తీయండి. గాలికి ఎదురు నడవకండి. పని మధ్యలో బీడీ, వక్కపొడి వద్దు, మందు చేతులే నోటికొస్తాయి.

ఎప్పటి దాకా? పంపు దించగానే అయిపోదు. సబ్బుతో స్నానం చేసి, బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకుండా విడిగా ఉతికేదాకా ఆ పని నడుస్తున్నట్టే. ఎక్కువసార్లు ఆ బట్టలు ఉతికేది ఇంటావిడ. ఆమె చేతికి తొడుగు ఉందా?

ఎవరి పూచీ? కూలీని పెట్టి కొట్టిస్తే పూచీ రైతుది. ‘వాడికి అలవాటే’ అనడం పూచీ కాదు. కళ్లు మసకబారినా, చొంగ కారినా, చెమటలు పోసినా, కడుపులో తిప్పినా వెంటనే చేనులోంచి బయటికి తెచ్చి, బట్టలు తీసేసి, సబ్బు నీళ్లతో ఒళ్లు కడిగి, 108కి ఫోను చేయండి. పాలు, నెయ్యి పట్టకండి. వాంతి చేయించబోకండి. డబ్బానో, లేబులో వెంట తీసుకెళ్లండి, విరుగుడు ఏదో దాని మీదే రాసి ఉంటుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విషసమాచార కేంద్రం 1800 116 117 నంబరులో పగలూ రాత్రీ పలుకుతుంది.

మిగిలిన మందు మంచం కిందో, అటక మీదో పెట్టకండి. తాళం వేసిన పెట్టెలో, ఇంటికి దూరంగా ఉంచండి. పసిపిల్లల కోసమే కాదు. అప్పులతోనో, మాటపట్టింపుతోనో మనసు విరిగిన మనిషికి ఆ ఒక్క చెడ్డ ఘడియలో డబ్బా చేతికందకపోతే చాలు, ప్రాణం నిలిచిన సందర్భాలు ఎన్నో. అలాంటి దిగులు మీకున్నా, మీ ఇంట్లోవాళ్లకున్నా టెలీమానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఎవరికీ చెప్పకుండా ఉండటం పరువుకు సేఫ్ అనిపించవచ్చు, మనిషికి కాదు.

మనవాళ్లేగా!

పిల్లల దగ్గర ఈ మాట మరీ జాగ్రత్తగా వాడాలి. ‘మనవాళ్ల ఇంట్లోనేగా, సేఫే’ అంటాం. పిల్లల మీద జరిగే అఘాయిత్యాల్లో తెలిసినవాళ్ల చేతే జరిగేవి చాలా ఎక్కువని పోక్సో కేసులు ఏటా చెబుతూనే ఉన్నాయి. అందరినీ అనుమానించమని కాదు. పిల్లకు రక్షగా పెట్టాల్సింది చుట్టరికాన్ని కాదు, చెప్పుకునే దారిని. ‘నీకు నచ్చనట్టు ఎవరు ముట్టుకున్నా, అది మావయ్యయినా సరే, నాకు చెప్పమ్మా, నిన్ను తిట్టను’ అని ముందే చెప్పి ఉంచాలి. అమ్మ కాకుండా ఇంకెవరికి చెప్పొచ్చో కూడా పేర్లతో చెప్పాలి. పిల్లల సహాయ నంబరు 1098 పిల్లలకు నోటికి రావాలి.

సేఫ్ సైడు, సేఫ్ గేము

ఇదంతా చదివి ఏ పనీ చేయకపోవడమే మేలనుకుంటే ఈ అధ్యాయం దారి తప్పినట్టే. సేఫ్ సైడు అంటే పని చేస్తూ కొంచెం వెసులుబాటు ఉంచుకోవడం. సాతులూరులో రైలు అందుకోవాలంటే పావుగంట ముందు బయల్దేరడం. 2024 మేలో, పోలింగు అయిన మర్నాటి అర్ధరాత్రి, ఓటు వేసి హైదరాబాదు తిరిగి వెళుతున్నవాళ్ల ప్రైవేటు బస్సు చిలకలూరిపేట దగ్గర టిప్పరును ఢీకొని తగలబడి ఆరుగురు చనిపోయారు. అలాగని బస్సెక్కడం మానలేం. ఎక్కగానే అత్యవసర తలుపు ఎటుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో చూసుకుని కూర్చోవచ్చు. పక్కన కూర్చున్న పిల్లలకూ చూపించవచ్చు.

సేఫ్ గేము వేరు. అది ఓడిపోతామేమోనని ఆటే ఆడకపోవడం. డిగ్రీ అయ్యాక ఏళ్ల తరబడి ఒకే పరీక్షకు చదువుతూ, మధ్యలో ఏ పనీ నేర్చుకోకుండా ఉన్న కుర్రాణ్ణి అడగండి, ‘గవర్నమెంటు జాబు సేఫ్ అన్నా’ అంటాడు. జాబు సేఫే. అది వచ్చేదాకా గడిచే ఏళ్లకు పూచీ ఎవరు? పరీక్షకు చదువుకో, దానితోపాటే గణపవరం మిల్లులో లెక్కలు రాయి, లేకపోతే మోటారు రిపేరు నేర్చుకో. పరీక్ష తప్పినా ఆ పని నీ చేతిలో ఉంటుంది.

ఈ వారం చేయాల్సినవి

1. ఇంట్లోవాళ్లంతా కూర్చుని, మీరు సేఫ్ అనుకుంటున్న అయిదింటి పేర్లు రాయండి: ఒక డబ్బు, ఒక వస్తువు, ఒక ప్రయాణం, ఒక పని, ఒక మనిషి. ఒక్కోదాని పక్కన మూడు గడులు గీసి దేని నుంచి, ఎప్పటి దాకా, ఎవరి పూచీ అన్నవి నింపండి.

2. ఖాళీగా మిగిలిన గడుల్లో ఒక్కటి ఎంచుకుని ఈ వారమే సరిచేయండి. అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ కాదు.

3. 108, 112 (ఏ అత్యవసరానికైనా), 1912, 1930, 1098, 14416, 1800 116 117, ఈ ఏడు నంబర్లూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, వంటింట్లో ఒకటి, మోటారు షెడ్డులో ఒకటి అతికించండి. ఫోనులో దాచుకుంటే, ఫోను పోయిన రోజు అవీ పోతాయి.

4. ఇకమీదట ఎవరైనా ‘సేఫే లెండి’ అంటే నవ్వుతూనే ‘దేని నుంచండీ?’ అని అడగడం అలవాటు చేసుకోండి. మొదట్లో చాదస్తం అంటారు. జవాబు తెలిసినవాళ్లు చెబుతారు, తెలియనివాళ్లు కోప్పడతారు. ఆ కోపం చూసి సంతకం పెట్టాలో వద్దో తేల్చుకోండి.